పత్తి చేను నుంచి ఓటు పెట్టె దాకా: పిల్లలకు చెప్పదగ్గ ఒక కూలి తల్లి కథ



సెలవు రోజు వచ్చిందంటే మన క్యాంపుల్లో ప్రతి మంచం మీదా ఒక ఫోను మాట్లాడుతుంటుంది. ఇంటావిడతో డబ్బుల లెక్కలు, అమ్మకు మందుల సంగతి అయ్యాక పిల్లలు ఫోను లాక్కుంటారు. "నాన్నా, ఎప్పుడొస్తవ్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక మనలో చాలామంది "మంచిగ చదువుకో బిడ్డా" అని పెట్టేస్తాం. ఈ వారం ఆ ఫోనులో చెప్పడానికి ఒక కథ ఇస్తున్నాం. కట్టుకథ కాదు, నిజంగా జరిగిన చరిత్ర.

అమెరికాలో చిన్నపిల్లల కోసం పెద్దవాళ్ల జీవిత కథలు బొమ్మల పుస్తకాలుగా వేసే అలవాటు చాలా కాలంగా ఉంది. ఓటు హక్కు కోసం కొట్లాడిన ఆడవాళ్ల మీద కూడా ఇలాంటి పుస్తకాలు ఎన్నో వచ్చాయి. ఆడవాళ్లకు ఓటు కావాలని 1848లోనే సభ పెట్టి అడిగిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ మీద 2008లో ఒక పుస్తకం వచ్చింది. ఆమె జడ్జిగారి కూతురు. మంచి ఇల్లు, చదువు ఉన్న మనిషి. ఆమె గొప్పతనం ఆమెదే. కానీ మేము ఈ వారం ఎంచుకున్నది ఇల్లు కూడా తనది కాని ఒక పత్తి కూలి కథ. ఆమె పేరు ఫానీ లూ హేమర్.

పత్తి ఏరిన పిల్ల

ఫానీ లూ 1917 అక్టోబరు 6న మిసిసిపీ రాష్ట్రంలో పుట్టింది. తల్లిదండ్రులకు 20 మంది పిల్లలు, ఈమె ఆఖరుది. నల్లజాతి కుటుంబం. తాతముత్తాతల కాలంలో బానిసత్వం. అది 1865లో చట్టం ప్రకారం పోయింది. కానీ భూమి మాత్రం తెల్లదొరల చేతుల్లోనే ఉండిపోయింది. ఫానీ తల్లిదండ్రులు పాలుకు సేద్యం చేసేవాళ్లు. భూమి దొరది, గుడిసె దొరది, విత్తనాల అప్పు దొరది, ఏడాది చివర లెక్క రాసే పుస్తకం కూడా దొరదే. ఆ లెక్కలో కూలివాడికి ఏమీ మిగలదు. ఈ పద్ధతి మన పల్లెల్లో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర లేదు.

ఆరేళ్ల వయసులో ఆమె ఆడుకుంటుంటే దొర వచ్చి "పత్తి ఏరగలవా?" అని అడిగాడు. వారంలో 30 పౌన్లు, అంటే దాదాపు 14 కిలోలు ఏరితే తన కొట్టులోంచి తినుబండారాలు ఇస్తానన్నాడు. ఆ పిల్ల ఎన్నడూ రుచి చూడని తినుబండారాలు అవి. ఏరింది, తింది. ఆ మరుసటి వారం 60 పౌన్లు ఏరాలన్నాడు. తినుబండారం ఎర, పని గాలం. పదమూడేళ్లకు ఆమె రోజుకు 200 పౌన్లకు పైగా, అంటే 90 కిలోలకు పైగా ఏరేది. పత్తి ఏరినవాళ్లకు తెలుసు, ఎండిన కాయ మొనలు వేళ్లను ఎలా చీలుస్తాయో. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల ఆమెకు కాలు కొంచెం కుంటు కూడా.

బడి ఏడాదికి నాలుగు నెలలే. పత్తి పని లేని రోజుల్లోనే బడి. ఆమె ఆరో తరగతి దాకా చదివి మానేసింది. కానీ చదవడం, రాయడం బాగా వచ్చు. ఆ అక్షరాలే తర్వాత ఆమెను మార్చాయి.

ఒక ఏడాది తల్లిదండ్రులు పైసా పైసా కూడబెట్టి సొంతంగా కంచరగాడిదలు కొనుక్కున్నారు. ఇక మన సేద్యం మనదే అనుకున్నారు. ఒక రాత్రి ఎవరో వాటి కుడితి తొట్టిలో విషం కలిపారు. అన్నీ చచ్చిపోయాయి. ఆ కుటుంబం మళ్లీ పాలు సేద్యానికే వచ్చి పడింది.

టైమ్ కీపరమ్మ

పెళ్లయ్యాక ఫానీ, భర్త పెర్రీ హేమర్ రూల్‌విల్ అనే ఊరి దగ్గర ఒక తెల్లదొర చేల మీద 18 ఏళ్లు పని చేశారు. ఇద్దరు ఆడపిల్లలను పెంచుకున్నారు. ఆమెకు రాత వచ్చని తెలిసి దొర ఆమెను టైమ్ కీపర్‌గా పెట్టాడు. ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఎవరి పత్తి ఎంత తూగింది అని రాయడం ఆమె పని.

టైమ్ కీపర్ అంటే ఎవరో మనకు బాగా తెలుసు. మన ఓవర్‌టైమ్ నాలుగు గంటలా, మూడు గంటలా అనేది ఆయన పెన్ను మొనలో ఉంటుంది. ఫానీ ఏం చేసిందో చూడండి. దొర వాడే కాంటా గుండులో మోసం ఉండేది. ఉండవలసిన దానికన్నా బరువైన గుండు తగిలిస్తే పత్తి తక్కువ తూగుతుంది, కూలీకి డబ్బు తగ్గుతుంది. దొర కళ్ల ముందు లేనప్పుడల్లా ఆమె ఆ గుండు తీసేసి సరైన గుండు పెట్టి తూచేది. పట్టుబడితే ఉద్యోగమూ పోతుంది, గుడిసే పోతుంది. అయినా తూచింది. రాజకీయాలు, ఓటు అనే మాటలు ఆమె చెవిన పడక ముందే ఆమె చేసిన మొదటి రాజకీయం ఇదే అని మేము అనుకుంటాం.

1961లో కడుపులో గడ్డ ఉందని ఆసుపత్రికి వెళ్తే, ఆమెను అడగకుండా, ఆమెకు చెప్పకుండా గర్భసంచి తీసేశారు. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో పేద నల్లజాతి ఆడవాళ్లలో చాలామందికి ఇలా జరిగింది. ఆమె ఈ సంగతి తర్వాత సభల్లో ధైర్యంగా బయట పెట్టింది.

44 ఏళ్లకు తెలిసిన హక్కు

1962 ఆగస్టులో రూల్‌విల్ చర్చిలో ఒక సభ జరిగింది. పౌరహక్కుల కోసం పని చేసే కుర్రాళ్లు వచ్చి, నల్లవాళ్లకూ ఓటు వేసే హక్కు ఉందని చెప్పారు. ఆ సంగతి తాను అప్పుడే మొదటిసారి విన్నానని ఫానీ తర్వాత చెప్పింది. అప్పుడామెకు 44 ఏళ్లు. అమెరికా రాజ్యాంగం నల్లజాతి మగవాళ్లకు ఓటు హక్కును 1870లో రాసింది, ఆడవాళ్లకు 1920లో రాసింది. కాగితం మీద ఉన్న హక్కు పత్తి చేను దాకా రావడానికి అన్నేళ్లు పట్టింది. రేపు పేరు రాయించుకోవడానికి ఎవరెవరు వస్తారని అడిగితే ఆమె చెయ్యెత్తింది.

ఆగస్టు 31న 18 మంది ఒక పాత బస్సెక్కి 26 మైళ్ల దూరంలోని ఇండియనోలా కోర్టుకు వెళ్లారు. ఇద్దరిద్దరిని లోపలికి పంపారు. అక్కడ దరఖాస్తులో అడిగేవి చూడండి. నీ పేరేమిటి, ఎక్కడ ఉంటావు, ఎవరి దగ్గర పని చేస్తావు. ఓటుకూ యజమానికీ సంబంధం ఏమిటి? ఆ ఒక్క గడి నింపితే సాయంత్రానికి దొరకు కబురు అందుతుంది, అదీ సంబంధం. పైగా దరఖాస్తు పెట్టినవాళ్ల పేర్లు రెండు వారాలు పేపర్లో వేయాలని ఆ రాష్ట్రంలో చట్టం చేసుకున్నారు.

ఆ తర్వాత పరీక్ష. రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చూపించి, దాన్ని ఎక్కించి రాయమని, దాని అర్థం వివరించమని అడిగారు. లాయర్లు తలలు పట్టుకునే భాష అది. అర్థం సరిగ్గా చెప్పారా లేదా అని తేల్చేది అక్కడి గుమాస్తా. తెల్లవాళ్లకు తేలిక ప్రశ్న, నల్లవాళ్లకు ముడి ప్రశ్న. ఫానీ ఆ రోజు తప్పింది.

తిరుగు దారిలో పోలీసులు బస్సు ఆపారు. బస్సు రంగు మరీ పసుపుగా ఉందట, స్కూలు బస్సులా కనిపిస్తోందట! డ్రైవరుకు జరిమానా వేశారు. బస్సులో ఉన్నవాళ్లు తలా కొంచెం వేసుకుని కట్టారు. అందరూ భయంతో బిగుసుకుపోయి ఉంటే, ఫానీ తన పెద్ద గొంతుతో చర్చి పాటలు ఎత్తుకుంది. ఒకరి తర్వాత ఒకరు గొంతు కలిపారు. పాట పాడితే భయం పోదు, కానీ భయపడేది నేనొక్కణ్నే కాదని తెలుస్తుంది. ఆ రోజు నుంచి ఎక్కడ సభ జరిగినా ఆమె పాట ఉండేది.

ఇంటికి చేరేసరికి దొరకు కబురు ముందే చేరింది. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఇల్లు ఖాళీ చెయ్యి అన్నాడు. నేను పేరు రాయించుకోబోయింది మీ కోసం కాదు, నా కోసం అని ఆమె జవాబు చెప్పింది. ఆ రాత్రే ఇల్లు వదిలింది. భర్త మాత్రం పంట కోతలు అయ్యేదాకా అక్కడే ఉండి పని చేయాల్సి వచ్చింది. పది రోజుల తర్వాత, ఆమె తలదాచుకున్న ఇంటి మీద రాత్రిపూట 16 సార్లు తుపాకీ పేల్చారు. ఆ రాత్రి ఆమె అక్కడ లేదు కాబట్టి బతికింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. కూలి ఇచ్చేవాడూ, ఇల్లు ఇచ్చేవాడూ ఒక్కడే అయితే మనిషి నోరు ఎలా మూతపడుతుందో మనకు తెలుసు. పని, రూము, వీసా మూడూ ఒకే కంపెనీ పేరు మీద ఉన్నవాళ్లం మనం. మన కష్టం, వాళ్ల కష్టం ఒకటేనని మేము అనడం లేదు. మన మీద ఎవరూ తుపాకీ పేల్చలేదు. కానీ ఆ రాత్రి మూట కట్టుకుని గుమ్మం దాటిన ఆమె కాళ్లకు ఎంత బరువు తెలిసిందో, చదువుకున్న పెద్దమనుషుల కన్నా మన క్యాంపులో ఉన్నవాళ్లకే బాగా తెలుస్తుంది.

ముప్పై రోజులకోసారి వస్తా

1962 డిసెంబరులో ఆమె మళ్లీ కోర్టుకు వెళ్లింది. పాసయ్యేదాకా ముప్పై రోజులకోసారి వస్తూనే ఉంటానని గుమాస్తాకు చెప్పింది. ఇప్పుడు ఆమెను గెంటడానికి ఇల్లు లేదు, తీసేయడానికి ఉద్యోగం లేదు. 1963 జనవరిలో పాసయింది. తీరా ఓటు వేయడానికి వెళ్తే, రెండేళ్ల పోల్ టాక్స్ రసీదులు చూపించమన్నారు. ఓటు వేయడానికి కట్టే పన్ను అది. పేరు ఎక్కింది కానీ ఓటు పడలేదు.

1963 జూన్‌లో ఒక శిక్షణ శిబిరానికి వెళ్లి వస్తుంటే వినోనా అనే ఊళ్లో బస్సు ఆగిన చోట ఆమెనూ, తోటివాళ్లనూ అరెస్టు చేశారు. జైల్లో పోలీసులు ఇద్దరు నల్లజాతి ఖైదీల చేతనే ఆమెను కొట్టించారు. ఆ దెబ్బలకు ఆమె మూత్రపిండం దెబ్బతింది, కంట్లో రక్తం గడ్డకట్టింది. జీవితాంతం ఆ బాధ పడింది. ఆ పోలీసుల మీద కేసు నడిచింది, అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ వాళ్లను వదిలేసింది.

1964లో డెమోక్రటిక్ పార్టీ జాతీయ సభ అట్లాంటిక్ సిటీలో జరిగింది. మిసిసిపీ నుంచి పార్టీ పంపిన ప్రతినిధులందరూ తెల్లవాళ్లే. మా రాష్ట్రానికి మేమే అసలు ప్రతినిధులమంటూ, ఫానీ ఉన్న మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ వాళ్లు అక్కడికి వెళ్లారు. ఆగస్టు 22న ఆమె కమిటీ ముందు కూర్చుని జరిగినదంతా చెప్పింది. కాగితం చూడలేదు. ఊరు, పేరు, బస్సు, దొర, జైలు, దెబ్బలు, ఒకదాని తర్వాత ఒకటి. టీవీలో లైవ్ వస్తోంది. అధ్యక్షుడు జాన్సన్ కంగారుపడి హడావుడిగా తానే టీవీ ముందుకు వచ్చాడు. కెమెరాలు అటు తిరిగాయి. కానీ ఆ రాత్రి వార్తల్లో టీవీ కంపెనీలు ఆమె మాటలు మళ్లీ వేశాయి. దేశమంతా విన్నది.

సభలో రెండు సీట్లు ఇస్తాం, సర్దుకోండి అన్నారు పెద్దలు. రెండు సీట్ల కోసం ఇంత దూరం రాలేదని ఆమె ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఖాళీ చేతులతో తిరిగి వెళ్లారు. 1968లో ఆమె ప్రతినిధిగా అదే పార్టీ సభలో అడుగు పెట్టినప్పుడు సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అక్షర పరీక్షలు పోయాయి. పోల్ టాక్స్ అప్పటికే దేశస్థాయి ఎన్నికల్లో పోయింది, 1966లో సుప్రీంకోర్టు రాష్ట్ర ఎన్నికల్లో కూడా తీసేసింది. లెక్క చూడండి. 1965కు ముందు మిసిసిపీలో ఓటు వయసున్న నల్లవాళ్లలో వందకు ఏడుగురి పేర్లు కూడా జాబితాలో లేవు. 1967 కల్లా వందకు దాదాపు అరవై మంది ఎక్కారు.

ఓటు వచ్చినంత మాత్రాన కడుపు నిండదని ఆమెకు తెలుసు. అందుకే పేదలంతా కలిసి సేద్యం చేసుకునే ఒక సహకార వ్యవసాయ క్షేత్రం పెట్టింది. పేద కుటుంబాలకు పందులు పెంపకానికి ఇచ్చే ఏర్పాటు చేసింది. 1977 మార్చి 14న, 59 ఏళ్లకే కన్నుమూసింది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఆమెకు దేశంలోని అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చింది, ఆమె పోయిన 47 ఏళ్లకు.

పిల్లల పుస్తకంలో ఏం రాయాలి?

ఆమె బతికుండగానే, 1972లో జూన్ జోర్డన్ అనే కవయిత్రి పిల్లల కోసం ఆమె కథను చిన్న పుస్తకంగా రాసింది. 2015లో కారొల్ బోస్టన్ వెదర్‌ఫర్డ్ రాసిన 'వాయిస్ ఆఫ్ ఫ్రీడమ్' వచ్చింది. ఫానీయే తన కథ తాను చెప్పుకుంటున్నట్టు సాగే ఈ పుస్తకానికి ఎకువా హోమ్స్ బొమ్మలు వేసింది. పిల్లల బొమ్మల పుస్తకాలకు ఇచ్చే పెద్ద బహుమతుల్లో ఒకటైన కాల్డెకాట్ గౌరవం దీనికి దక్కింది.

పిల్లల పుస్తకం రాసేవాళ్లకు ఒక చిక్కు ఉంటుంది. ఎంత చెప్పాలి, ఎంత దాచాలి? చాలా పుస్తకాల్లో కథ ఇలా ఉంటుంది: ఒక మంచి అమ్మాయి, ఒక అన్యాయం, ఒక ప్రసంగం, చప్పట్లు, చట్టం. చదివిన పిల్లలు హక్కులు ప్రసంగాలతో వస్తాయనుకుంటారు. వెదర్‌ఫర్డ్ పుస్తకం అలా చేయలేదు. జైలు దెబ్బలను దాచలేదు. పిల్లల వయసుకు తగ్గ మాటల్లోనే, కానీ నిజంగా చెప్పింది.

అదే సరైనదని మా అభిప్రాయం. దెబ్బ తీసేసి చెబితే హక్కు ఎవరో దయతలచి ఇచ్చినట్టు కనిపిస్తుంది. దయతో వచ్చినదాన్ని ఎవరూ జాగ్రత్తగా దాచుకోరు. వెల ఎంతో తెలిస్తేనే దాచుకుంటారు.

నిజం చెప్పాలంటే మనమూ ఫోనులో పిల్లలకు బొమ్మల పుస్తకమే చదువుతున్నాం. "ఇక్కడ అంతా మంచిగనే ఉంది" అంటాం. ఎండ సంగతి చెప్పం, ఆగిన జీతం సంగతి చెప్పం. భయపడతారని దాస్తాం. కొంత దాచాలి కూడా. కానీ అంతా దాచేస్తే, పంపిన డబ్బు చెట్టుకు కాసిందని అనుకుంటారు పిల్లలు. భయపెట్టకుండా నిజం చెప్పడం ఎలాగో ఫానీ కథ చెబుతూ మనమూ నేర్చుకోవచ్చు.

మన సంగతి

మన దేశంలో 1950 రాజ్యాంగానికి ముందు ఓటు ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే. మద్రాసు రాష్ట్రంలో 1921లో ఆడవాళ్లకు ఓటు ఇచ్చినప్పుడు కూడా ఆస్తి ఉన్నవాళ్లకే ఇచ్చారు. కూలి తల్లికి లేదు, కూలి తండ్రికీ లేదు. రాజ్యాంగం ఆ గీతలన్నీ ఒక్కసారిగా చెరిపేసింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఆ రాజ్యాంగ సభలో సభ్యురాలు. పరీక్ష లేదు, పన్ను లేదు. అయినా 1951-52లో జరిగిన మొదటి ఎన్నికలకు జాబితా రాసేటప్పుడు దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. వాళ్లు తమ పేరు చెప్పలేదు, ఫలానా వాడి పెళ్లాం, ఫలానా వాడి తల్లి అని రాయించారు. పేరు చెప్పుకోవడమే ఓటుకు మొదటి మెట్టని అప్పుడు తెలిసింది. ఫానీ ఆ కోర్టులో రాసింది కూడా మొదట తన పేరే కదా.

మరి మన పేరు? విదేశాల్లో ఉండే భారతీయులు ఓటరుగా నమోదు చేసుకోవడానికి 2010లో చట్టం మార్చారు, 2011 నుంచి అమలులోకి వచ్చింది. ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులో ఉన్న ఊరి జాబితాలో పేరు ఎక్కుతుంది. కానీ ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని ఊళ్లోని పోలింగ్ బూతుకు స్వయంగా వెళ్లాలి. మన బదులు ఇంకొకరు ఓటు వేసే ఏర్పాటు కోసం 2018లో బిల్లు లోక్‌సభలో నెగ్గింది, రాజ్యసభలో నెగ్గక ముందే కాలం తీరి పోయింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇలా నమోదైన వాళ్లు 1,19,374 మంది, వచ్చి ఓటు వేసినవాళ్లు 2,958 మంది. వాళ్లలో ఎక్కువమంది కేరళవాళ్లు.

రెండేళ్లకోసారి సెలవు దొరికే మనకు టికెట్టు ఖర్చే ఒక పోల్ టాక్స్ అని ఎవరైనా అంటే కాదనలేం. అయితే ఫానీ పేరు ఎక్కిన రోజున కూడా ఓటు పడలేదు. ముందు పేరు ఎక్కింది, తర్వాత దారి వచ్చింది. పేర్లు లక్షల్లో ఉంటే ఢిల్లీలో ఎవరైనా మన గురించి లెక్క వేస్తారు. పేర్లే లేకపోతే ఎవరికి చెబుతారు?

కాబట్టి ఈ సెలవు రోజున రెండు పనులు చేద్దాం. ఊళ్లో జాబితాలో ఇంట్లోవాళ్ల పేర్లు, ముఖ్యంగా మీ ఇంటావిడ పేరు, అమ్మ పేరు సరిగ్గా ఉన్నాయో లేదో కనుక్కోండి. రెండోది, పిల్లలు ఫోను తీసుకున్నప్పుడు ఈ కథ చెప్పండి. తినుబండారం చూపించిన దొర దగ్గర మొదలుపెట్టండి. కాంటా గుండు దగ్గర పిల్లలు తప్పకుండా నవ్వుతారు. జైలు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించండి, కానీ దాటేయకండి. కథ అయ్యాక "ఆమె పేరేంటి నాన్నా?" అని మళ్లీ అడుగుతారు. ఫానీ లూ హేమర్ అని చెప్పండి, పత్తి కూలి అని కూడా చెప్పండి.